టేపు లోపల రెండు వేళ్ళు

పొద్దున్నే షాహిదాబీకి మొగుడు చెప్పే మొదటి పని పొయ్యి ముట్టించమని కాదు, తన రొమ్ము కొలవమని. చైనా యుద్ధం వచ్చినప్పటి నుంచి విడవలూరు దర్జీ మౌలాకి మిలిటరీ పిచ్చి పట్టింది. ఇసకబాట వెంట పరుగెత్తి, రొప్పుతూ వచ్చి, చొక్కా విప్పి నిలబడతాడు. ఊపిరి వదిలితే ఒక కొలత, నిండా పీలిస్తే ఒక కొలత, రెంటికీ నడుమ రెండంగుళాలు తేలాలి. పీల్చినప్పుడు మాత్రం టేపు లోపల రెండు వేళ్ళు దూర్చమంటాడు. చొక్కా బిగుసుకోకుండా అలా పెట్టి కొలవడం దర్జీ చేతి అలవాటు. రోజూ రెండంగుళాలు తేలేది, రోజూ ఇంట్లో ఉన్న ఒక్క గుడ్డూ అతని నోట్లోకి పోయేది.

"వాడు యుద్ధానికి పోయేవాడు. నీకెందుకుమే గుడ్డు?" అనేది అత్త మెహబూబున్నీసా. అన్నం ముందు కూర్చున్నప్పుడల్లా ఆ మాట షాహిదాబీ గొంతుకు అడ్డం పడుతుంది. కాజాలు కుట్టేది తను, అంచులు మడిచేది తను, కాలవ నుంచి నీళ్ళు మోసేది తను. మిషను మాత్రం ముట్టుకోకూడదు. ఆడది తొక్కితే కడుపు నిలవదట. అతను పరుగుకు పోయిన గంటలో తలుపేసుకుని దొంగలా తొక్కి, సగం రవికెలు తనే కుడుతోందని అతనికి తెలియదు. తెలిసీ ఊరుకున్నాడేమో.

కావలిలో పటాలంవాళ్ళు రొమ్ము చాలదని పంపేశారు. విమానాలవాళ్ళు రొమ్ముతో పాటు కాళ్ళ పొడుగూ చూసి పంపేశారు. "నీ చేతి తిండిలో సత్తువ లేదు," అన్నాడు మౌలా ఇంటికొచ్చి. ఇక మిగిలింది మద్రాసులో ఓడలవాళ్ళు. వాళ్ళకి పళ్ళు కూడా బాగుండాలట.

"ఈసారి పాసయితే మిషను గూడూరులో తమ్ముడికిచ్చేద్దాం. ఇక్కడెవరు తొక్కేది?" అన్నాడు నిన్న.

అప్పటినుంచి ఏ పని మీదా ఆమె మనసు నిలవలేదు. కాజా కుడుతూ వేలు పొడుచుకుంది, ఎసరు పెట్టి మరిచిపోయింది. చివరికి గదిలోకి పోయి టేపు తన చుట్టూ తనే బిగించుకుంది. వేళ్ళు పెట్టబోయి ఆగింది. ఎవరి చొక్కా కుట్టాలని పెట్టడం? ఊపిరి వదిలింది, పీల్చింది. రెండుంపావు. మళ్ళీ చూసుకున్నా రెండుంపావే. గుడ్డు లేకుండా, గంజినీళ్ళ మీద. కోపంతో ఏడుపొచ్చింది.

ఈవేళ మద్రాసు ప్రయాణం. మౌలా ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. ఆమె వేళ్ళు పెట్టలేదు.

"ఒకటింపావు."

"సరిగ్గా పట్టుకోమే. వేళ్ళు పెట్టినావా?"

"వేళ్ళు చొక్కాకండీ, మనిషికి కాదు. మిలిటరీవాళ్ళు పెట్టరు."

మౌలా ముఖం పాలిపోయింది. "బయల్దేరేటప్పుడు ఇదేం కూతే?" అని అరుస్తూ అత్త లోపలినుంచి వచ్చింది.

"నాకు రెండుంపావు వచ్చినాది," అంది షాహిదాబీ. "మీరు పోయి రండి. పాసైనా కాకపోయినా మిషను ఈ ఇల్లు దాటదు."

అతని పళ్ళెంలోని గుడ్డు తీసి, ఇద్దరూ చూస్తుండగానే కొరికింది. నములుతూ వెళ్ళి మిషను ముందు కూర్చుంది. తలుపు వేయడానికి మాత్రం లేవలేదు.