నలుగురు కులిబాలీలు, ఒక కెయితా

గల్ఫ్ దేశంలో, ముసఫ్ఫాలోని ఒక లేబర్ క్యాంపుకి షాహుల్ క్యాంప్ బాసు. ఎవరికి ఏ గది, ఏ మంచం ఇవ్వాలో తేల్చేది ఆయనే. సొంతూరు నెల్లూరు జిల్లా. 2023 జనవరిలో మాలి దేశం నుంచి ఐదుగురు సెక్యూరిటీ గార్డులు వచ్చి కంపెనీ బస్సు దిగారు.

"యువర్ నేమ్?" అని ముందున్నవాణ్ణి అడిగాడు షాహుల్.

"కులిబాలి."

షాహుల్ పక్కనే ఉన్న వంటమనిషి పీరా వైపు తిరిగాడు. "పేరడిగితే కూలీ అంటాడేందిరా?"

పాస్‌పోర్టు తెరిచి చూస్తే నిజంగానే ఇంటిపేరు కులిబాలి. రెండోవాడిదీ అదే. మూడో అతనిదీ, నాలుగో అతనిదీ అదే. ఐదో అతను మాత్రం కెయితా.

షాహుల్ మనసు కరిగిపోయింది. ఆయన అన్నదమ్ములు ముగ్గురూ మూడు దేశాల్లో ఉన్నారు. "నలుగురన్నదమ్ములు ఒకే చోట ఉండారు, ఎంత అదృష్టం పీరా!" అని కిటికీ ఉన్న గది తీసి ఆ నలుగురికీ ఇచ్చేశాడు. కెయితాను నేపాలీల గదిలో వేశాడు.

మూడో రోజు మధ్యాహ్నం మెస్సులో పెద్ద గోల. షాహుల్ పరుగున వెళ్ళేసరికి కెయితా బల్ల మీద చెయ్యేసి నలుగురినీ తిడుతున్నాడు.

"బొబ్బర్లు తినే మొహాలు! లేవండి, మీ రాజు నిలబడి ఉన్నాడు!"

"నువ్వు రాజువా? మా వంటింటి నౌకరువి!" అన్నాడు సేదు కులిబాలి.

షాహుల్ భయపడి మేనేజరుకి ఫోన్ చేశాడు. మేనేజరు రాగానే ఐదుగురినీ వరసలో నిలబెట్టాడు.

"ముదీర్ సాబ్, కెయితా ఈ నలుగురన్నదమ్ములనీ తిడుతున్నాడు," అన్నాడు షాహుల్.

సేదు తెల్లబోయాడు. "అన్నదమ్ములా? ఈ ముగ్గురినీ నేను మొదటిసారి చూసింది మా రాజధాని బమాకో ఎయిర్‌పోర్టులో!"

వచ్చీరాని ఇంగ్లీషులో మెల్లగా సంగతి చెప్పాడు. బమాకో బజారులో కులిబాలీ అని కేకేస్తే ఎంతమంది తిరిగి చూస్తారో లెక్కే లేదట. ఆ పేరుకి అర్థం 'పడవ లేనివాడు'. పూర్వం శత్రువులు తరుముతుంటే ఇద్దరన్నదమ్ములు నది ఒడ్డుకి వచ్చారట. పడవ లేదు. ఒక పెద్ద చేప తన వీపు మీద ఎక్కించుకుని అవతలికి దాటించిందట. "మా తాతలు చెప్పే మాట. చేపను నేను చూడలేదు," అన్నాడు సేదు.

"మరి తిట్లు?" అడిగాడు మేనేజరు.

"మా దేశంలో ఇంటిపేర్లను బట్టే కెయితాలు, కులిబాలీలు వేళాకోళపు చుట్టాలు సార్," అన్నాడు కెయితా. "వీళ్ళు కనిపిస్తే బొబ్బర్లు తింటారని ఎగతాళి చెయ్యాలి. చెయ్యకపోతే మర్యాద కాదు. వాళ్ళూ ఊరుకోరు."

మేనేజరు చేతిలోని జాబితా చూసి నవ్వాడు. "షేక్ షాహుల్, షేక్ పీరా, ఇంకా తొమ్మిది మంది షేక్‌లు. మీరందరూ ఒక్క తల్లి పిల్లలేనా?"

షాహుల్‌కి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. పీరా మాత్రం వాళ్ళు చెప్పేది ఏ గింజో అడిగి తెలుసుకుని, "ఓరి, అలసందలా! షాహుల్ భాయ్ అలసంద వడలు ఒక్కడే ఇరవై తింటాడు," అని బయటపెట్టేశాడు.

"అయితే ఈయనా కులిబాలీనే!" కెయితా ఎగిరి గంతేశాడు.

అందరూ వెళ్ళాక కెయితా ఒక్కడే వెనక నిలబడ్డాడు. "బాస్, నన్ను ఆ గదిలోకి మార్చు. నేపాలీలు చాలా మంచివాళ్ళు. పొద్దున్నే నమస్తే పెడతారు, టీ ఇస్తారు. కానీ నన్ను తిట్టేవాళ్ళు లేరు. మూడు రోజులుగా ఇల్లు గుర్తొస్తోంది."

షాహుల్ నేరుగా నేపాలీల గదికి నడిచాడు. కెయితా పరుపు ఒక చివర తనే పట్టుకుని, "యల్లా, నడువు," అన్నాడు. ఐదో మంచం పట్టక అల్మారాను బయటికి నెట్టాల్సి వచ్చింది.

ఆ గదిలో గోల ఎక్కువైందని పక్కగదివాళ్ళు రెండుసార్లు ఫిర్యాదు చేశారు. రెండుసార్లూ షాహుల్ మందలించడానికే వెళ్ళాడు, వెళ్ళి వాళ్ళతోపాటు కూర్చుండిపోయాడు.