రెండో దెబ్బ

రక్తం చన్నీళ్లకే వదులుతుంది, వేణ్ణీళ్లు తగిలితే మరక కూర్చుంటుందని అమ్మ చెప్పేది, చొక్కా కాలరును కుళాయి కింద నలుపుతూ ఆ పైలట్ అద్దంలో చూసుకుంది, ముక్కు వాచి వంకాయలా తయారైంది, ఈ రక్తంలో సగం తనది, సగం ఇవాళ తన విమానమెక్కిన మిల్లు యజమానిది, గోడ అవతల షెడ్డులో మెకానిక్ ఎవరితోనో అంటున్నాడు, మా మేడమ్ కాబట్టి దింపింది, ఇంకొకరైతే ముగ్గురినీ మూటగట్టి తెచ్చుకోవాల్సి వచ్చేది, అవును, భయపడేవాళ్లొస్తే అందరూ ఆమెనే పిలుస్తారు, నాలుగు సీట్ల బుల్లి విమానాన్ని చూసి ఇదేంటండీ ఆటబొమ్మలా ఉంది అనేవాళ్లను ముందు రెక్క తట్టి చూడమంటుంది, తన పక్కనే కూర్చోబెట్టుకుంటుంది, రాబోయే ప్రతి చప్పుడునూ ముందే చెబుతుంది, ఇప్పుడు చక్రాలు గడగడమంటాయి, ఇప్పుడు కడుపులో జారినట్టుంటుంది, గతుకుల రోడ్డనుకోండి అంతే, ఇవాళ పొద్దున కూడా అన్నీ చెప్పింది, మిల్లు యజమాని నవ్వాడు, ఆయనకి మేడ మెట్లెక్కితేనే కళ్లు తిరుగుతాయమ్మా అని వెనక సీట్లోంచి ఆయన భార్య కూడా నవ్వింది.

ఆ మెత్తటి గొంతు ఎక్కడ నేర్చుకున్నావని అడుగుతారు, ఎక్కడేమిటి, ఇంట్లోనే, నాన్న బెల్టు విప్పుతుంటే అమ్మ మాట్లాడే గొంతు అది, కూర్చోండి, ముందు మంచినీళ్లు తాగండి, ఏం కాలేదు, ఆ మాట పూర్తయ్యేలోపే బెల్టు బకిలు అమ్మ చెవి పక్కన తగిలేది, అమ్మ చేతులు ముఖానికి అడ్డం పెట్టుకుని గోడవారన ముడుచుకుపోయేది, అయినా నాన్న ఆపేవాడు కాదు, ఎందుకాపడో తలుపు వెనక నిలబడ్డ పిల్లకు అంతుపట్టేది కాదు.

ఇవాళ కొండ దాటగానే గాలి ఒక్క గుద్దు గుద్దింది, మిల్లు యజమాని తన ముందున్న రెండో స్టీరింగును రెండు చేతులా గుండెలకేసి లాక్కున్నాడు, విమానం ముక్కు ఆకాశంలోకి లేచింది, వేగం చచ్చిపోతోందని హారన్ గీపెట్టింది, వదలండి, మెల్లగా వదలండి, నేనున్నాగా అంది, చంపేస్తావే నన్ను అంటూ ఆయన మోచేత్తో పొడిచాడు, ముక్కులో ఏదో పటుక్కుమంది, నోరంతా ఉప్పన, మళ్లీ పొడిచాడు, వెనక ఆవిడ కేకలు, సీటు పక్కనున్న ఇనుప టార్చి చేతికి తగిలింది, మణికట్టు మీద కొట్టింది, ఎముక విరిగింది, వదిలేశాడు, విమానం ముక్కు దించింది, రెక్కలకు గాలి దొరికింది, విమానం నిలకడగా సాగుతోంది, ఆయన ముఖానికి చేతులు అడ్డం పెట్టుకుని సీట్లో ముడుచుకుపోయాడు, అప్పుడు, అప్పుడు మళ్లీ టార్చి ఎత్తి, ఆ చేతుల సందులోంచి నోటి మీద కొట్టింది, పళ్లు ఒళ్లో రాలాయి.

తలుపు తోసుకుని ఆయన భార్యే వచ్చింది, చీర నిండా రక్తం, ఆస్పత్రి బండి ఎక్కించామమ్మా, స్పృహలోనే ఉన్నారు, నేనూ వెళ్తున్నా, నువ్వా రెండు దెబ్బలూ వెయ్యకపోతే ఈపాటికి మేం లేం తల్లీ అంటూ తడి చేతులు పట్టుకుంది, కాదండీ, రెండోసారి కొట్టేటప్పటికే ఆయన వదిలేశారు, ఆవిడ ఒక్క క్షణం ఆమె ముఖంలోకి చూసింది, భయంలో చెయ్యి మన మాట వింటుందా, మనసులో పెట్టుకోకు అనేసి గబగబా వెళ్లిపోయింది, భయం, ఆ మాటను పట్టుకుని వేలాడాలని చూసింది, మొదటి దెబ్బలో ఉంది, ఒళ్లంతా భయమే, రెండోదానికి వెతికితే ఎక్కడా లేదు, కొండలు తిన్నగా ఉన్నాయి, హారన్ ఆగిపోయింది, చెయ్యి తీరిగ్గా లేచింది, దిగింది, గుండెల మీంచి బండరాయి దొర్లినట్టు ఎంత హాయిగా అనిపించిందో, అయితే నాన్నకూ ఇంత హాయిగానే ఉండేదన్నమాట.