పరుపులాయనకు రాని జలుబు

మా వార్డుకు జనం జలుబు తెచ్చుకోవడానికి వస్తారు. వినడానికి వింతగా ఉన్నా మా పని అదే. ఆరోగ్యంగా ఉన్న మనిషిని ఒక గదిలో పెట్టి, వెల్లకిలా పడుకోబెట్టి, రెండు ముక్కుపుటాల్లోనూ జలుబు వైరస్ ఉన్న చుక్కలు వేస్తాం. ఆ తర్వాత ముక్కు లోపల ఏం జరుగుతుందో రోజూ చూస్తాం. చూసేది డాక్టరమ్మ. చుక్కలు వెయ్యడం, దూదిపుల్ల పెట్టి ముక్కులో తిప్పడం, వాళ్ళు చీదిన కాగితాలు తూచడం నా వంతు.

కాగితాలు తూచడమేమిటని అడక్కండి. ప్రతి గదిలోనూ ముక్కు తుడుచుకునే కాగితాల పెట్టె, మూతి బిగించే సంచి పెడతాం. చీదిన ప్రతి కాగితమూ ఆ సంచిలోకే పోవాలి. పొడి కాగితాల బరువు తీసేస్తే మిగిలేది చీమిడి బరువు. ఎవరికి ఎంత జలుబు చేసిందో దాన్నిబట్టి తెలుస్తుంది. ఇన్నేళ్ళు నర్సుగా చేసి చివరికి చీమిడి తూచే ఉద్యోగానికి వచ్చానని మా ఆడపడుచు నలుగురిలోనూ నవ్వుతుంది. నాకు అసలే కోపం ముక్కుమీద ఉంటుంది. ఈ వార్డుకు వచ్చాక అది ఇంకాస్త పెరిగింది.

ఈసారి వచ్చినవాళ్ళలో పరుపుల కొట్టులో పనిచేసే ఆయన ఒకడు. నోట్లో వేలు పెట్టినా కొరకలేనట్టు ఉంటాడు. గది చూపించగానే ఎవరైనా టీవీ ఉందా, ఫోను చార్జింగు ఎక్కడ అని అడుగుతారు. ఈయన తలుపు వేసి, తీసి, మళ్ళీ వేసి, బయటి చప్పుడు వినిపిస్తుందో లేదో చూసుకున్నాడు. తర్వాత పరుపు మీద అరచెయ్యి వేసి నొక్కాడు.

"మెత్తన చాలదు సిస్టర్. అయినా పర్లేదు," అన్నాడు.

నేను బీపీ పట్టీ విప్పేలోపే నిద్రపోయాడు. మొదట ముక్కులోంచి నమూనా తీశాను, కదల్లేదు. చుక్కలు వెయ్యాలి తల వెనక్కి వంచమంటే, కళ్ళు తెరవకుండానే వంచాడు.

మర్నాడు భోజనం తెచ్చినప్పుడు సంగతంతా చెప్పాడు. ఇంట్లో కవలలు, ఒక బాబు, ఒక పాప. ఇద్దరూ కలిసి ఏడ్చినా బాగుండేది, వాళ్ళు వంతులు వేసుకుని ఏడుస్తారట. బాబు ఆపగానే పాప అందుకుంటుంది. ఒకనాడు కొట్లో ఎవరో దంపతులకు పరుపు ఎంత బాగుంటుందో చూపించడానికి దానిమీద పడుకుని, అలాగే నిద్రలోకి జారిపోయాడు. వాళ్ళు కాసేపు ఆయన్ని చూసి, ఆ పరుపే కొనుక్కున్నారు. అందుకని యజమాని నవ్వి ఊరుకున్నాడు. రెండోసారి మాత్రం వీధిలోకి కనిపించే అద్దాల వెనక, వచ్చేపోయేవాళ్ళంతా చూస్తుండగా గుర్రు పెట్టాడు. బాగా నిద్రపోయి రమ్మనీ, మళ్ళీ కొట్లో కన్ను మూస్తే ఇక రానక్కర్లేదనీ చెప్పి యజమాని సెలవిచ్చాడు. ఇంట్లో నిద్రపోయే వీలుంటే ఈ గొడవే లేదు. తలుపు వేసి ఒక్కణ్ణే ఉంచే చోటు ఎక్కడుందా అని వెతుక్కుని మా దగ్గరికి వచ్చాడు.

అయితే మా దగ్గరా ఒక నియమం ఉంది. ముక్కులో వైరస్ కనిపించినవాళ్ళు వారం దాటి ఉంటారు. మూడో రోజుకు కూడా కనిపించకపోతే పెట్టె సర్దుకోవాలి.

మూడో రోజు పొద్దున్నకు వార్డంతా చీదుళ్ళు, తుమ్ములు. పక్కగదిలోని వయొలిన్ పంతులమ్మ ముక్కు ఎర్రగా పండిపోయింది. మా పరుపులాయన ముక్కు మాత్రం తోమిన గిన్నెలా ఉంది. పరీక్షలో ఏమీ తేలకపోతే సాయంత్రం వెళ్ళిపోవాల్సి ఉంటుందని చెప్పాను. ఆయన మొహం పాలిపోయింది.

మధ్యాహ్నం నుంచి ఆయన గదిలో తుమ్ములు మొదలయ్యాయి. వరండాలో నా చెప్పుల చప్పుడు వినిపిస్తే తుమ్ము, చప్పుడు ఆగితే తుమ్మూ ఆగిపోయేది. సంచి తూకం వేస్తే అందరికంటే బరువు. పైకెత్తి వెలుగులో చూశాను. కాగితాలన్నీ ఒక మూలకు చేరి ఉన్నాయి, కింద నీళ్ళు తేటగా నిలిచాయి. నేను తూచిన చీమిడి ఇంతా అంతా కాదు. అది కాగితాన్ని పట్టుకుని వదలదు గానీ, ఇలా చెరువు కట్టదు.

సంచిని ఆయన మొహం ముందు అటూ ఇటూ ఊపాను.

"ఇది ముక్కులోంచి వచ్చిందా తమ్ముడూ, కుళాయిలోంచి వచ్చిందా?"

కాసేపు నీళ్ళు నమిలాడు. అంతదాకా సిస్టర్ అన్నవాడు ఒక్కసారిగా వరస కలిపాడు.

"డాక్టరమ్మకు చెప్పకు అక్కా. ఇంకొక్క రెండు రోజులు పడుకుని వెళ్ళిపోతాను."

నాకు జాలేసింది, దాచుకోవడమెందుకు. కానీ కుళాయి నీళ్ళను చీమిడి కింద రాయించలేను కదా. ఆ సంచి పక్కన పడేసి, డాక్టరమ్మకు ఉన్నదున్నట్టు చెప్పాను. ఆవిడ సగమే విన్నది. అప్పుడే వచ్చిన ఆయన పరీక్ష ఫలితాలను కళ్ళజోడు నెత్తిమీదికి తోసి మరీ చూస్తోంది.

ముక్కులో వైరస్ లేదు. అది వింత కాదు. వింత ఇంకోచోట ఉంది. ముక్కు లోపలి పొరలో కణాలు ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి. వైరస్ ఒకదాంట్లో దూరితే, అది ఇంటర్‌ఫెరాన్ అనే పదార్థాన్ని వదిలి చుట్టుపక్కల కణాలకు కబురు పంపుతుంది. అవి వెంటనే గడియలు బిగించుకుని కూర్చుంటాయి. ఆ తర్వాత ఏ వైరస్ వచ్చినా, మొదటిదానికి చుట్టం కాకపోయినా సరే, లోపలికి దూరడం కష్టం. మామూలుగా ఈ హడావిడంతా మేం చుక్కలు వేశాక మొదలవుతుంది. పరుపులాయనకు చుక్కలు వెయ్యకముందు తీసిన నమూనాలోనే గడియలన్నీ బిగించి ఉన్నాయి. అంటే మాకంటే ముందే ఇంకో వైరస్ వచ్చి, దెబ్బలు తిని, వెళ్ళిపోయింది.

ఇద్దరం ఆయన గదికి వెళ్ళాం. ఈమధ్య జలుబు చేసిందా అని డాక్టరమ్మ అడిగింది. లేదన్నాడు. ఇంట్లో ఎవరికైనా చేసిందా అని అడిగింది. ఆయన నావైపు చూశాడు. నేను నీళ్ళ సంచి జ్ఞాపకం వచ్చేలా ఒక చూపు చూశాను.

అప్పుడు బయటపడింది. కవలల పైన ఇంకో పాప ఉంది, అప్పుడే బడిలో వేశారు. ముందువారం ముక్కు కారుతూ ఇంటికి వచ్చింది. ఆ పిల్లకు తన ముక్కు నాన్న చొక్కా భుజానికి తుడిచే అలవాటు. ఆయనకు ఒకపూట గొంతు గరగరలాడి ఊరుకుంది. చేర్చుకునే ముందు మేం ఇదే ప్రశ్న అడిగితే, నిజం చెబితే వెనక్కి పంపేస్తామని దాచేశాడు. ఏ జలుబును దాచి లోపలికి వచ్చాడో, ఆ జలుబే ఆయన ముక్కుకు కాపలా కాసి ఇప్పుడు బయటికి పంపుతోంది. నేను మాస్కు వెనక నవ్వుకున్నాను.

డాక్టరమ్మ కోప్పడుతుందనుకున్నాను. ఆవిడ మొహం వెలిగిపోతోంది.

"మీరు ఈ పరీక్షకు పనికిరారు. కానీ భవనం అటు చివర రోగులు లేని గదులున్నాయి. అక్కడ రెండు రోజులు ఉంటారా?" అంది.

పరుపులాయనకు ప్రాణం లేచి వచ్చింది. ఎన్ని రోజులైనా ఉంటానన్నాడు.

"అయితే రేపు మీ ఇంట్లోవాళ్ళందర్నీ రమ్మనండి. ఎవరి ముక్కులో ఎంత కాపలా ఉందో చూడాలి."

ఆయన ఆ "అందర్నీ" అన్న మాట దగ్గర ఆగిపోయాడు. "కవలలవి చాలా చిన్న ముక్కులండీ, వాటిల్లో ఏముంటుంది?" అన్నాడు. డాక్టరమ్మ అప్పటికే వరండాలో ఉంది.

వాళ్ళావిడకు ఫోను చేసింది నేనే. ఆయన జలుబుతో ఎంత అవస్థ పడుతున్నాడో అని బెంగగా ఉందందావిడ. ఫోనులో వెనకనుంచి ఒక ఏడుపు ఆగి ఇంకోటి మొదలైంది. ఆయనకు ఏ అవస్థా లేదనీ, గుర్రు వరండా చివరిదాకా వినిపిస్తోందనీ చెప్పాను. ఆవిడ ఒక్కటే అడిగింది.

"అక్కడ తలుపు గట్టిగా పడుతుందా అండీ?"

మర్నాడు వచ్చారు. నేను వరసగా అందరి ముక్కుల్లోనూ పుల్ల తిప్పాను. పెద్దపిల్ల నా భుజానికి ముక్కు తుడుచుకుని ఆయన మాట నిజమని తేల్చింది. పని అవగానే వాళ్ళావిడ బాబును ఆయన ఒక భుజం మీద, పాపను ఇంకో భుజం మీద వేసి, పెద్దదాని చేతికి ఆయన చొక్కా కొస అందించింది. తను ఆయన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. గడియ పడిన చప్పుడు వినిపించింది.

ఆయన ఆ తలుపునే చూస్తూ నిలబడ్డాడు.

"నేనిక్కడ పడుకున్నన్నాళ్ళూ ఆవిడ ఒక్కతే చూసుకుంది కదక్కా," అన్నాడు.

అవునన్నాను. బాబు ఏడుపు మొదలుపెట్టాడు. ఆయన గబగబా వరండా ఆ చివరికి నడిచి, మధ్యలో ఉన్న తలుపు కాలితో మూసి, అక్కడే తిరగడం మొదలుపెట్టాడు. మధ్యాహ్నం డాక్టరమ్మ వాళ్ళావిడ దగ్గర రెండో నమూనా తానే స్వయంగా తియ్యడానికి వస్తే, రెండు భుజాల మీదా పిల్లలతో దారికి అడ్డంగా నిలబడ్డాడు.

"ఆవిడ ముక్కు ఎక్కడికీ పోదు డాక్టరమ్మా. లేపితే మాత్రం ఈ నిద్ర మళ్ళీ రాదు."

డాక్టరమ్మ దూదిపుల్ల పట్టుకుని వెనక్కి తిరిగింది. ఆవిడను వెనక్కి తిప్పినవాణ్ణి నేను అంతకుముందు చూడలేదు.

సాయంత్రం తలుపు తెరుచుకుంది. వాళ్ళావిడ చెంప మీద దిండు ముడతలు అచ్చుపడి ఉన్నాయి. వచ్చి ఆయన భుజం మీంచి పాపను తీసుకుంది.

"పరుపు మెత్తన చాలదు," అంది. "అయినా పర్లేదు. ఇప్పుడు మీరు వెళ్ళి పడుకోండి, మళ్ళీ కొట్టుకు వెళ్ళాలిగా."