అరవై చెంచాల పాలు

డెయిరీలో అందరూ ఆయన్ని ముక్కుగారు అంటారు. తెల్లారి లారీల్లోంచి దిగే పాల డబ్బాలు రోజుకు అరవై. ఒక్కోదాని మూత తీసి, వాసన పీల్చి, చెంచాడు పాలు నోట్లో వేసుకుని మంచివో కావో తేల్చడం ఆయన ఉద్యోగం. ఆయన ‘ఊఁ’ అంటే డబ్బా లోపలికి, ‘ఊహూఁ’ అంటే వెనక్కి. అంతటి ముక్కు రెండేళ్లుగా బిగుసుకుపోయి కూర్చుంది. కనుబొమల మధ్య బరువు, చెంపల్లో సలుపు, వంగితే తల పగిలేంత నొప్పి. సైనస్ అన్నారు. పేరు ఏదైతేనేం, ముక్కుగారికి ముక్కే లేకుండా పోయింది.

ఇన్నాళ్లూ అంచనా మీద నెట్టుకొచ్చాడు పాపం. పోయిన నెల దొరికిపోయాడు. ఆయన ‘ఊఁ’ అన్న డబ్బా ఒకటి పెద్ద తొట్టిలో కలిసి, తొట్టెడు పాలూ విరిగిపోయాయి. మేనేజరు అరవలేదు. అరిచినా బాగుండేది.

“నెల రోజులు టైమిస్తున్నానండీ. ఆఖరి పది రోజులు బాయిలరు మరమ్మతుకి ఎలాగూ మూసేస్తాం. తెరిచిన రోజు ఇరవై డబ్బాలు పెడతాను, ఒకటి పాడుది. పట్టుకున్నారా, మీ చోటు మీదే. లేదంటే గేటు దగ్గర కూర్చుని లారీ నంబర్లు రాసుకోండి. మీ నాన్నగారిని కూడా పిలుస్తున్నా. ఆయన ముందే జరగాలి.”

గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే. ఆ చోట ముందు ముప్పై ఏళ్లు పనిచేసింది ఆ తండ్రే మరి. పని నేర్పిందీ ఆయనే. “నోట్లో వేసుకున్న పాలు ఉమ్మకు. అన్నం పెట్టేదాన్ని ఉమ్మేవాడు బాగుపడడు” అని మొదటి రోజే చెప్పాడు. పక్క డెయిరీల్లో అందరూ బకెట్లో ఉమ్మేస్తారు. వీళ్లింట్లో మాత్రం మింగుతారు.

ముక్కు డాక్టరమ్మ లైటు వేసి లోపలంతా చూసి మందులు రాసింది.

“కొందరికి ఏదో ఒక తిండి పడక కూడా ఇలా అవ్వొచ్చు. అవుతుందని గట్టిగా చెప్పలేను, కాదనీ అనలేను. తిన్నదల్లా ఒక పుస్తకంలో రాయండి. ఒక్కొక్కటే మానేసి చూడండి. అన్నీ ఒకేసారి మానేస్తే దొంగెవరో తెలీదు.”

దొంగ అన్న మాట వినగానే ఆయన భార్య కొంగు బిగించింది. అసలే ముక్కుసూటి మనిషి, ఇప్పుడు చేతికి పుస్తకం కూడా వచ్చింది! మొదటి వారం గుడ్లు బంద్. రెండో వారం గోధుమలు. మూడో వారం వేరుశనగ. ఇంటిల్లిపాదీ ముక్కుగారితో పాటు మానేయాల్సిందే, ఆవిడ రెండు వంటలు చేయదు. మామగారు, ఆ ముసలాయన, రొట్టెముక్క కోసం మొహం వాచిపోయి, “వాడి ముక్కుకి నా నోరు కుట్టేస్తావేంటమ్మా!” అని గోల పెట్టాడు. ముక్కు మాత్రం ఇంచి కూడా కదల్లేదు.

“పాలు కూడా మానేద్దామా?” అందావిడ.

“పాలా! ఇంట్లో చుక్కైనా ముడతానా నేను? నల్లకాఫీ తాగే మనిషిని.”

నిజమేననుకుని ఆవిడ పుస్తకంలో పాల మీద గీత కొట్టేసింది. గుడ్లనీ గోధుమల్నీ వేరుశనగనీ మళ్లీ ఇంట్లోకి రానిచ్చింది.

అప్పుడు డెయిరీ మూశారు. నాలుగోరోజు ముక్కుగారు వసారాలో పేపరు చదువుకుంటూ ఉన్నట్టుండి తలెత్తి, “ఉల్లిపాయలు మాడుతున్నాయే!” అని కేక పెట్టాడు. ఆవిడ పొయ్యి దగ్గరికి ఒక్క గెంతు గెంతి, ఆర్పి, గరిటె పట్టుకుని అలాగే తిరిగొచ్చింది. ఉల్లిపాయలు పోతే పోయాయి!

“ఏమండీ, మీకెలా తెలిసింది?”

“వాసనొచ్చింది” అని ఆయనే నోరెళ్లబెట్టాడు.

పుస్తకం తెరిచారు. మానేసింది లేదు, కొత్తగా తిన్నది లేదు. ఆవిడ గరిటెతో గెడ్డం కొట్టుకుంటూ కాసేపు ఆలోచించింది. “డెయిరీలో పాలు నోట్లో వేసుకుంటారు కదా, తర్వాత ఏం చేస్తారు?”

“మింగుతాను.”

“రోజుకు అరవై చెంచాలా? మరి పుస్తకంలో రాయలేదేం?”

“అది పని కదే! పని తిండెలా అవుతుంది?”

ఆవిడ నెత్తి కొట్టుకుంది. పిల్లను చంకన పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, మూడు వారాలు ఇంటి మీద దండయాత్ర చేసింది మరి! మంచం మీద ముసలాయన ఏమనుకున్నాడో, అటు తిరిగి పడుకున్నాడు.

డాక్టరమ్మకు ఫోను చేస్తే, “పాలే కావచ్చు, అక్కడి ఆవిరీ చలీ కావచ్చు. ఎందుకైనా మంచిది, ఇక మింగకండి” అంది. ఆవిడకేం, చెప్పేసింది. తండ్రి ముందు ఉమ్మడం ఎలా?

పరీక్ష రోజు ఇరవై డబ్బాలు వరసగా పెట్టారు. మేనేజరు ఒక పక్క, కర్ర పట్టుకుని ముసలాయన ఒక పక్క. ఉమ్ముకోడానికని ఎవరో ఒక బకెట్ కూడా తెచ్చి పెట్టారు. ముక్కుగారు దాని వంకైనా చూడలేదు. మొదటి డబ్బా, వాసన చూశాడు, మింగాడు. రెండోది మింగాడు. ఆరోదానికల్లా ఎడమ ముక్కు బిగియడం మొదలైంది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఇంకా పద్నాలుగు ఉన్నాయి. ఇలాగే పోతే పదోదాని దగ్గర పూర్తిగా మూసుకుంటుందని ఆయనకు తెలుసు. ఏడో చెంచా నోట్లో వేసుకుని, బుగ్గలు ఉబ్బించి, మింగలేక ఉమ్మలేక నిలబడిపోయాడు. వెనక ఎవరో కిసుక్కుమన్నారు.

ముసలాయన కర్రతో బకెట్‌ని కొడుకు కాళ్ల దగ్గరికి నెట్టాడు.

“ఉమ్మరా.”

ముక్కుగారు తల అడ్డంగా ఊపాడు.

“ఒరేయ్, నా ముక్కూ అంతే కదరా! నాలుక మీదే నెట్టుకొచ్చాను. రిటైరయ్యాక రెండు నెల్లకి వదిలింది. అప్పటికి మీ అమ్మ లేదు. ముప్పై ఏళ్లు వండి పెట్టిందిరా నాకు. ఒక్క పూటైనా ఆ వంట వాసన ఎరగను నేను. ఎలా ఉందండీ అని అడిగేది. బాగుందనేవాణ్ని, అబద్ధం. నేను మింగి ఏం బావుకున్నాను? ఉమ్మెయ్యి, నామాట విను.”

ముక్కుగారు వంగి ఉమ్మేశాడు. ఎవరూ నవ్వలేదు. నోరు పుక్కిలించి, ముక్కు చీది, మొహం కడుక్కుని మళ్లీ వరసలో నిలబడ్డాడు. కుడి ముక్కు ఇంకా తెరిచే ఉంది. దాన్నే నమ్ముకుని ఎనిమిది, తొమ్మిది, పది అంటూ వాసన చూస్తూ ఉమ్ముతూ పోయాడు. పదహారోదాని మూత తీస్తూనే ఆగాడు.

“ఊహూఁ” అన్నాడు.

మేనేజరు చేతిలో కాయితం చూసుకుని, “అదేనండీ” అన్నాడు.

ఆ మధ్యాహ్నం ముక్కుగారు క్యాంటీనుకు పోకుండా తండ్రిని వెంటబెట్టుకుని ఇంటికే భోజనానికి వెళ్లాడు. పరీక్ష ఏమైందని ఆవిడ అడగబోతుంటే చెయ్యెత్తి ఆపాడు. గుమ్మంలోనే కళ్లు మూసుకుని నిలబడి, పొయ్యి మీద ఏమేం ఉన్నాయో ఒక్కొక్కటే తండ్రికి చెప్పడం మొదలుపెట్టాడు.