మూడో రోజు మధ్యాహ్నం

కాఫీలు కాగానే తూనెస్ పెరట్లో గొర్రెతోలు పరుచుకుని, కాళ్ళు బారజాపి, మోకాలికి ఆలివ్ నూనె రాసుకోవడం మొదలుపెట్టింది. రోజూ చేసే పనే. ఎదురుగా కోడలు నూవారా రొట్టెలకి రవ్వ జల్లిస్తోంది. పక్కన ఒక నోటుపుస్తకం తెరిచి ఉంది. అందులో మొదటి రోజు, రెండో రోజు, మూడో రోజు అని మూడు పేజీల మీద పెద్ద అక్షరాలతో రాసి, కింద ఖాళీ వదిలింది నూవారా.

"చెప్పు అత్తా, ఎక్కణ్ణుంచి మొదలు?"

"కమాను దగ్గర్నుంచి, ఇంకెక్కణ్ణుంచి! పొద్దు పొడవగానే లోపలుండాలి. ఎండ ముదిరితే ఆ రాళ్ళ మీద రొట్టె కాల్చుకోవచ్చు."

తిమ్‌గాద్‌లో రోమన్లు వదిలేసి పోయిన ఆ రాతి పట్నాన్ని పైఊరివాళ్ళు రెండు గంటల్లో చుట్టబెట్టి, ఫోటోలు దిగి, బాత్నా బస్సు ఎక్కేస్తారు. ఊరివాళ్ళకి అలా కుదరదు. చూస్తే మూడు రోజులు చూస్తారు, లేదా ఆ గడప తొక్కరు. పొద్దుగూకేదాకా లోపల ఉన్న మనిషి నీడ ఆ రాత్రికి అక్కడే పడుకుంటుంది కదా. మర్నాడు పొద్దున్నే వెళ్ళి దాని పాదాల మీద పాదాలు పెట్టి తీసుకోవాలి. మూడో రోజు మిట్టమధ్యాహ్నం, నీడ అరికాళ్ళ కిందికి ముడుచుకున్న వేళ చూసుకుని కమాను దాటాలి. వేళ తప్పితే గడపరాయికి చిక్కుకుని, వెనక్కి తను పడుకున్న చోటికే జారిపోతుంది. నీడ లేని ఆ రెండు రాత్రులూ ఒళ్ళు చల్లబడుతుందని ఒక ఉన్ని శాలువా ఎక్కువ సర్దుకుంటారు. అంతకు మించి దాని గురించి ఎవరూ బుర్ర బద్దలు కొట్టుకోరు.

తూనెస్ కొడుకు లజహర్ బడిలో లెక్కల మేస్టరు. తొమ్మిదేళ్ళ కింద, మనుషులు ఉన్నట్టుండి మాయమైపోతున్న ఆ పాడు రోజుల్లో, పిల్లల్ని మూడు రోజులకని తీసుకెళ్ళాడు. రెండో రోజు సాయంత్రం పిల్లల్ని ఇళ్ళకి పంపి నడిచొస్తుంటే తెల్ల కారొకటి ఆగింది. మొహాలకి గుడ్డలు కట్టుకున్నవాళ్ళెవరో ఎక్కించుకుపోయారు. ఎవరో, ఎందుకో, ఇవాళ్టికీ తెలీదు. మర్నాడు పిల్లలు ఏడుస్తూ వెళ్ళి ఎవరి నీడ వాళ్ళు తెచ్చుకున్నారు. మేస్టరు నీడ మాత్రం స్నానశాల గోడవారన అలాగే పడి ఉంది. అప్పటికి నూవారాతో పెళ్ళయి ఏడు నెలలు.

అలా ఉండిపోయిన నీడని రక్తసంబంధం ఉన్నవాళ్ళే తేవాలి. అదీ ఆ మనిషి నడిచిన దారినే, అదే వరసలో, మూడు రోజులూ నడిచి. మనిషి ఎక్కడైనా బతికుంటే నీడ ఇంకొకరి కాళ్ళకి అంటుకోదు. పోయుంటే వస్తుంది. వస్తే తెల్లగుడ్డలో చుట్టి మట్టి చేస్తారు. తూనెస్ తప్ప లజహర్‌కి రక్తసంబంధం ఉన్నవాళ్ళెవరూ లేరు. ఆవిడకి ఒక ఏడు మోకాలు అడ్డం, ఒక ఏడు ఎండ, ఒక ఏడు వాన. అలా తొమ్మిదేళ్ళు గడిచాయి, నూవారా భర్త ఉన్నదీ కాలేదు, లేనిదీ కాలేదు. మెనాలో తేనెటీగలు పెంచే బెల్ఖీర్ రెండేళ్ళుగా పెళ్ళికి మనుషుల్ని పంపుతున్నాడు. ఇమాం మాత్రం, "మొగుడి నీడ లోపలుండగా నేను పెళ్ళి చదవను తల్లీ" అని తెగేసి చెప్పాడు. ఆప్రికాట్లు కోతకొచ్చేదాకా చూస్తానని బెల్ఖీర్ ఆఖరిసారి కబురంపాడు. ఆయన్ని మాత్రం ఏమంటాం, ఎన్నాళ్ళని చూస్తాడు! ఆ కబురు విని నూవారా రెండు రోజులు అన్నం ముట్టలేదు. మూడో రోజు తూనెస్సే, "సరే, వెళ్దాం, రాసుకో" అంది.

"రాసుకో. మొదటి రోజు సంత, ఆ తర్వాత నాటకాల మెట్లు. నీడని సాయంత్రం మూడో మెట్టు మీదే వదలాలి. పైమెట్ల మీద గాలి, పొద్దున్నకి ఎక్కడికో దొర్లిపోతుంది. రొట్టెలు నాలుగు, ఉడకబెట్టిన గుడ్లు, మజ్జిగ. హరీసా కారం వద్దు, దాహమేస్తుంది."

"రెండో రోజు?"

"స్నానశాల. సాయంత్రం నమాజు వేళకి తూర్పు అరుగు చల్లబడుతుంది, అక్కడ కూర్చోవాలి. పడమటి అరుగు మీద కూర్చున్నామా, చీమలు పీక్కు తినేస్తాయి."

రాస్తున్న చెయ్యి ఆగింది. "చీమల సంగతి నీకెలా తెలుసత్తా? నువ్వు కంచె బయట నిలబడి చూసి రావడమే గాని, లోపలికెప్పుడు వెళ్ళావు?"

"మీ మామ చెప్పేవాడు."

"మామ చీమల గురించి చెప్పాడా?"

"అబ్బ, ఆరా తియ్యకే! రాసుకో అంటుంటే."

అంతలో కమాను దగ్గర కాపలా కాసే షెరీఫ్ టోపీ తీసి చంకలో పెట్టుకుంటూ పెరట్లోకొచ్చాడు. రోజులు ఖాయం చేసుకుపోదామని వచ్చాడు. పుస్తకం కేసి చూసి తల పంకించాడు.

"పోనీలే వదినా. ఈసారైనా దాటించు."

నూవారా ఒళ్ళోంచి జల్లెడ జారింది. "ఈసారి అంటే ఏంటి బాబాయ్?"

షెరీఫ్ నాలిక్కరుచుకున్నాడు. టోపీ పెట్టుకున్నాడు, మళ్ళీ తీశాడు. "మేకలకి నీళ్ళు పెట్టాలి" అని గొణిగి, వచ్చిన దారినే పోయాడు. ఆయనకి మేకల్లేవని ఊరందరికీ తెలుసు.

తూనెస్ నూనె గిన్నెకి మూత పెట్టింది. గడ్డం మీది పచ్చబొట్టు వణుకుతోంది. "ఆరేళ్ళయింది" అంది. "మీ నాన్న పోయాడని నువ్వు ఖెంషెలా వెళ్ళి పది రోజులున్నావు చూడు, అప్పుడు."

"వెళ్ళావా? మూడు రోజులూ?"

"ఊఁ."

"వచ్చిందా?"

తూనెస్ నేల చూపులు చూసింది. "వచ్చిందే. అలా కాళ్ళు పెట్టానో లేదో, చంటిపిల్లాడు చంకెక్కినట్టు వచ్చేసింది. కమాను దాకా తెచ్చాను. తీరా గడప దగ్గరికొచ్చాక, ఇది దాటితే నా బిడ్డ చచ్చిపోయినట్టేగా అనిపించింది. కాలు దులిపేశాను. చెప్పులో రాయి దులిపినట్టు దులిపేసి, నా నీడ ఒక్కటే తెచ్చుకున్నాను."

నూవారా తన అరచేతుల కేసి చూసుకుంది. "నేను ఊర్నుంచి వచ్చాక ప్రతి శుక్రవారం చెప్పేదానివే, బతికే ఉన్నాడే, తల్లి కడుపుకి తెలుస్తుందే అని! నమ్మి చేతులకి గోరింటాకు పెట్టుకున్నాను. వస్తాడేమోనని, అత్తా! ఆరేళ్ళు!"

"నువ్వూ వెళ్ళిపోతే ఈ ఇంట్లో నేనొక్కదాన్నీ ఏం చెయ్యను?"

"అదీ అసలు సంగతి. కొడుకు మీద ప్రేమ కాదు."

"రెండూనే" అంది తూనెస్. "రెండూనూ. అబద్ధం దేనికి ఇప్పుడు."

నూవారా కళ్ళు తుడుచుకుని కింద పడ్డ రవ్వంతా ఎత్తింది. తర్వాత పుస్తకం దగ్గరికి లాక్కుని మూడో పేజీ తనే రాసింది. రాసింది పైకి చదివింది. "మూడో రోజు. పొద్దున స్నానశాల దగ్గర నీడలు తీసుకోవడం. పుస్తకాల మేడ. మధ్యాహ్నం కమాను. నేను బయట నిలబడతాను. కాలు దులపాలనుకుంటే నా కళ్ళ ముందు దులుపు."

మొదటి రోజు ఎలాగో గడిచింది. రెండో రోజుకి మోకాలు వాచి కుండంత అయింది. షెరీఫ్ గాడిద మీద ఎక్కించుకుపోతానన్నాడు. "వాడు నడిచాడు, నేనూ నడవాలి" అని తూనెస్ ఒప్పుకోలేదు. ఆ రెండు రాత్రులూ అత్తాకోడళ్ళు ఒకే పొయ్యికి చెరోపక్కా కూర్చున్నారు. తూనెస్‌కి పళ్ళు టకటకా కొట్టుకుంటుంటే నూవారా లేచి శాలువా కప్పింది. కప్పి, మళ్ళీ తన చోట తను కూర్చుంది.

మూడో రోజు పొద్దున్నే తూనెస్ తన నీడ తీసుకుని గోడవారకి వెళ్ళింది. తొమ్మిదేళ్ళ ఎండకీ మంచుకీ కొడుకు నీడ ఏమీ మాయలేదు. భుజాన మేస్టరు సంచీతో సహా ఉంది. పాదాల మీద పాదాలు పెట్టింది. ఈసారీ వచ్చింది. ఈసారైనా రాకుండా ఉంటుందేమోనని ఆవిడ దారంతా ఆశపడుతూనే ఉంది మరి.

పుస్తకాల మేడ మెట్ల మీద కూర్చుని దానితో మాట్లాడింది. అన్నం తిన్నావా నాన్నా అని అడిగింది, కొట్టారా అని అడిగింది. నీడలు జవాబు చెప్పవు. ఎండ నడినెత్తికొచ్చింది. బండి చక్రాలు కోసుకుపోయిన ఆ రాతి దారిలో కాలు ఈడ్చుకుంటూ కమాను దగ్గరికొచ్చి గడప మీద ఆగిపోయింది.

బయట నూవారా తెల్లగుడ్డ పట్టుకుని నిలబడి ఉంది. వెనక షెరీఫ్, ఇంకో నలుగురు మగవాళ్ళు.

"ఒక్కసారి రమ్మనవే" అంది తూనెస్.

"నేననను."

"కాళ్ళు రావడంలేదే."

"నాకు తెలుసు. అయినా నేననను."

ఎండ నడినెత్తి మీంచి జారిపోతోంది, ఇంక క్షణాలే ఉన్నాయి. అప్పుడే నీడల అంచులు అరికాళ్ళ కిందనుంచి బయటికి పాకుతున్నాయి. "అయ్యో నా తండ్రీ!" అని ఊరు దద్దరిల్లేలా ఒక్క అరుపు అరిచి, తూనెస్ గడప దాటి బోర్లా పడింది. ఆవిడ పక్కన నేల మీద రెండు నీడలున్నాయి.

లజహర్ నీడని ఇంటికి తెచ్చి పెరట్లో తెల్లగుడ్డ మీద పడుకోబెట్టారు. మగవాళ్ళు శ్మశానానికి ఎత్తేముందు నూవారా దగ్గరికెళ్ళి మోకాళ్ళ మీద కూర్చుంది. ఏడుస్తుందనుకున్నారు. ఏడవలేదు. ఆ సన్నటి మెడ, ఇంకా నిండని భుజాలు చాలాసేపు చూసింది. అతనికి ఇరవై ఆరు. ఆమెకి ఇప్పుడు ముప్ఫై నాలుగు.

"ఎంత చిన్నవాడు!" అంది. "ఇంత చిన్నవాడనుకోలేదు."

భర్త పోయినవాళ్ళు పాటించే నాలుగు నెలల పది రోజులూ తెల్లబట్టల్లో ఆ ఇంట్లోనే ఉంది. ఆప్రికాట్లు పండాయి, ఎండాయి. నీడ బయటికొచ్చిందని తెలిశాక బెల్ఖీర్ ఆగాడు. గడువు తీరిన మర్నాడు ఇమాం పెళ్ళి చదివాడు, ఎవరూ డప్పులు కొట్టలేదు. బెల్ఖీర్ కారు గుమ్మం ముందుకొచ్చింది. నూవారా సామానంతా కలిపి ఒక్క సంచీ.

తూనెస్ గుమ్మం పట్టుకుని నిలబడింది. చాలా చెప్పాలనుకుంది, తీరా నోరు తెరిస్తే ఇదొక్కటే వచ్చింది. "పండక్కి వస్తావా?"

నూవారా ఒక్క క్షణం ఆలోచించింది. తొమ్మిదేళ్ళు వండిపెట్టిన అత్త. ఆరేళ్ళు అబద్ధమాడిన అత్త.

"ఆయన మట్టి దగ్గరికి వస్తాను అత్తా. ఇంటికి రాను."

తూనెస్ తలూపింది. కారు మెనా రోడ్డెక్కేదాకా నిలబడి, లోపలికెళ్ళి తలుపేసుకుంది.