కోడిపిల్లల బల్బు

యాదగిరికి ఆ నెల కరెంటు మీటరే పెద్ద పరేషాన్ అయింది. సర్కారు స్కీముల రెండువందల యూనిట్ల లోపు కాలితే సున్నా బిల్లు. ఒక్కటి దాటిందా, మొత్తం నెత్తినపడుతది. పోయిన నెల గట్లనే పడ్డది. ఈసారి ఇంక వారం దినాలుండంగనే నూటడెబ్బై చూపెడుతుంది పాడు మీటర్!

దంతాలపల్లి నుంచి తొర్రూరుకు పొద్దంత ఆటో తోలి నడుము గుంజే మనిషి, ఇంటికొచ్చి కాళ్లు చాపుతడా? లేదు. స్విచ్చుల కాడ కావలి. ఇల్లంత ఎల్ఈడీ బల్బులు పెట్టిండు. చలికాలం పొద్దు ఇట్ల గూకి అట్ల చీకటైతది, అయినా ఒక్క బల్బే వెలగాలె. పెండ్లాం వనమాల పొద్దుండంగనే గడపల కూసుండి బియ్యంల రాళ్లు ఏరుకునేది. లొల్లి పెట్టే ఓపిక ఆమెకూ లేదు.

ఒక్క పాత గుండు బల్బు మాత్రం మిగిలింది, వంద వాట్లది. వరండల తల్లి ఉప్పలమ్మ చాప పక్కన, కోడిపిల్లల గంపల వేలాడుతది. తెల్లార్లు కాలితే రోజుకో యూనిట్. తీస్తనంటే ముసలిది ఒప్పుకోలే.

"పిల్లలు చలికి చస్తయ్‌రా నాయిన."

సరే, పెరిగితే నాలుగు పైసలొస్తయని ఊకున్నడు.

మర్నాడు మాపటికి వచ్చి చూస్తే మీటర్ నూటడెబ్బయెనిమిది. యాదగిరికి కడుపు మండింది. కోడి లేదు, గీడి లేదు, ఇయ్యాల ఆ బల్బు పీకుడే అనుకుంట వరండలకు పోయిండు. ఉప్పలమ్మ అప్పుడే ముడుసుకొని పండింది. గంప మీది గోనెసంచి గుంజి, గంప లేపిండు.

ఒక్క పిల్ల లేదు. బల్బు కింద తల్లి కాళ్లున్నయ్. పగిలిన మడమలు, వంకర పోయిన వేళ్లు.

"పిల్లలేవి?" అన్నడు, ఎనకకు చూసి.

"పిల్లి ఎత్కపోయి పదిహేను దినాలాయె," అన్నది ఎనక గడపల నిలబడ్డ వనమాల మెల్లగ. "నాకు ఎరుకే. నువ్వు అరుస్తవని చెప్పలే."

ఆ మాటలకు ఉప్పలమ్మ లేచింది. దొంగతనం చేసి దొరికినట్టు కాళ్లు చీరెలకు గుంజుకున్నది.

"ఆర్పుత బిడ్డా, ఆర్పుత. కోపం చెయ్యకు."

"నాకు చలైతుందని ఒక్క మాట అంటే ఏమాయె అవ్వా?"

"నా కోసమంటే బిల్లు బిల్లు అంటవ్. కోడిపిల్లల కోసమంటే ఏమనలే గద బిడ్డా."

యాదగిరికి సిగ్గుతోని తల ఎత్తబుద్ధి కాలే. గంప మల్ల తల్లి కాళ్ల మీద పెట్టి గోనెసంచి కప్పిండు. లోపలికి పోయి టీవీ బంద్ చేసిండు, అర్రల బల్బు ఆర్పిండు.

"చీకట్ల ఎట్ల తింటవ్?" అన్నది వనమాల.

"గిక్కడికే తే."

గంప సందుల నుంచి వచ్చే ఆ ఎర్రటి వెలుగుల, తల్లి కాళ్ల కాడ కూసుండి తిన్నడు.