వసంత పేరున్న ఫంక్షన్

పొద్దున చాయ్ తాగి, కోరుట్లలో వసంత, ఆమె తల్లి అంజవ్వ వాకిట్లో చాటలు ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతుంటారు. సిరిసిల్లలో ఆఫీసు తెరిచే వేళకు వసంత వేళ్లు తునికాకును వదిలేసి చాట మీద టకటకా కొట్టుకుంటాయి. తంబాకు చిందుతుంది.

"పిలుస్తున్నరా బిడ్డా?"

"ఆ. బడి బట్టల ఆర్డర్ అచ్చినట్టుంది."

"మంచిగ పిలుస్తరు, జీతమిచ్చేటోళ్ల లెక్క!"

సిరిసిల్లలో భాస్కర్ బట్టల ఆఫీసు నడుపుతాడు. అక్కడ బడి పిల్లల ఎత్తు చూసి ఎంత గుడ్డ పడుతుందో చెప్పడం ఒకప్పుడు వసంత పని. విసుగొచ్చి కంప్యూటర్‌లో పైథాన్ భాషతో ఒక ఫంక్షన్ రాసింది. పని ఒక్కసారి నేర్పి పేరు పెడితే చాలు, ఆ పేరుతో పిలిచినప్పుడల్లా చేసిపెడుతుంది. ఎత్తు ఇస్తే గుడ్డ కొలత తిరిగిస్తుంది. మురిపెంగా తన పేరే పెట్టుకుంది. నేర్పడం అయ్యాక నేర్పినదానితో ఏం పని? వసంతను కొలువులోంచి తీసేశారు. పిలవడం మాత్రం మానలేదు. వాళ్లు పిలిచినప్పుడల్లా కోరుట్లలో ఆమె వేళ్లు ఆ పని చేస్తాయి.

బీడీ కార్ఖానా మేస్త్రీ మొగిలి వసంత చుట్టిన వంకర బీడీలు ఏరి పారేసి, "ఇంకోసారి ఇట్ల తెస్తే పని కార్డు గుంజుకుంట," అన్నాడు. మర్నాడే వసంత బస్సెక్కి, జగిత్యాలలో మారి, సిరిసిల్ల చేరింది.

"చేతులు నావి గద సార్."

"ఫంక్షన్ నాది. నా జీతం తిని రాసినవ్," భాస్కర్ నవ్వాడు. "గంత కష్టమైతే పేరు మార్చుకో. ఖాళీ మాత్రం పెట్టకు. పేరు లేకుంటే ఎవల్ని పిలవాలె?"

ఆమె కుర్చీలో ఇప్పుడు శ్రీలత, చంటిపిల్ల తల్లి. లేచి చోటిస్తూ, "అక్కా, నాది రాయకు," అని గొణిగింది.

"నీదెందుకు రాస్త పిల్లా?"

వసంత తన పేరు కొట్టేసి, భాస్కర్ అని రాసి, చప్పుడు చేయకుండా వచ్చేసింది.

తెల్లారి భాస్కర్ వేళ్లు బల్ల మీద ఎగిరాయి. ఏనాడూ పని ఎరగని వేళ్లు! పిల్లలందరికీ సున్నా మీటర్లని తేల్చాయి.

కోరుట్లలో వసంత బీడీలు సూదుల్లా వచ్చాయి. మొగిలి ఒక్కటీ తీసెయ్యలేదు. ఆ వారంలోనే శ్రీలత ఫోన్ చేసింది.

"అక్కా, సారు నా పేరు పెట్టిండు. పిల్లను ఎత్తుకోబోతె చేతులు అస్తలేవు. నేను మారిస్తె కొలువు పోతది. జర అచ్చి మార్చిపోవా?"

"ఎవల పేరు పెట్టాలె, శ్రీలతా?"

అటు నుంచి పిల్ల ఏడుపొక్కటే వినిపిస్తోంది. వసంత తన వేళ్లను చూసుకుంది. ఒక్కటీ కదలలేదు.